ముందు మైకు, తర్వాతే కెమెరా

ఏడేళ్ల కిందట మా తెనాలి సభలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మంగళగిరి మగ్గాల మాటల మీద గంటన్నర మాట్లాడారు. పడుగు, పేక, అచ్చు, నాడె... ఒక్కో మాటకూ ఒక కథ చెప్పారు. నేను నాలుగో వరుసలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీశాను. బొమ్మ బాగానే వచ్చింది. ఇంటికెళ్లి వింటే ఫ్యాన్ల హోరు, కుర్చీలు ఈడ్చిన చప్పుడు, వాటి వెనక ఎక్కడో ఆయన గొంతు. మరుసటి ఏడాది ఆయన పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, నాన్న మాట్లాడింది మీ దగ్గరుందటగా" అని అడిగితే ఆ ఫైలే పంపాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి నెలనెలా సభ రికార్డు చేసే పని నేనే తీసుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు "ఏ కెమెరా కొనమంటారు?" అని అడుగుతారు. కెమెరా వద్దండీ, ముందు మైకు కొనండి. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే రెండు నిమిషాలు కూడా ఉండరు. వక్తకూ మైకుకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకి అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. ఫ్యాన్ల చప్పుడు మాత్రం హాలంతా ఉంటుంది. అందుకే వెనక వరుసలో పెట్టిన ఖరీదైన మైకు కన్నా నోటి దగ్గరున్న చవక మైకే మేలు.

నేను మొదట కొన్నది బోయా బీవై-ఎం1 కాలర్ మైకు, వెయ్యి రూపాయల లోపే. వైరు 6 మీటర్లు. ఫోన్‌కి పెడితే బ్యాటరీ అక్కర్లేదు. కెమెరాకి పెడితే మాత్రం లోపల చిన్న బటన్ సెల్ కావాలి, స్విచ్ ఆపకపోతే అది ఇంట్లోనే అయిపోతుంది.

అసలు చిక్కు శాలువాతో వచ్చింది. మన సభల్లో చాలాసార్లు ఉపన్యాసానికి ముందే శాలువా కప్పుతారు. జుబ్బాకి పెట్టిన మైకు దాని కిందికి పోయి, చెయ్యి కదిపినప్పుడల్లా బరబరమంటుంది. శాలువా లేకపోతే కండువా. ఇప్పుడు వక్త బట్టల జోలికే పోను. కాలర్ మైకుని పోడియం మీది మైకు మెడకు రబ్బరు బ్యాండుతో కట్టేస్తాను. కాగితాలు తిప్పే చప్పుడు కొంచెం వస్తుంది, పర్లేదు.

రెండేళ్ల తర్వాత జూమ్ హెచ్1ఎన్ రికార్డర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. మైక్ సెట్ అబ్బాయిని ముందే కలిసి, ఆంప్లిఫయర్ లైన్ అవుట్ (సౌండ్ బయటికిచ్చే జాక్) నుంచి దానికి వైరు ఇస్తాను. అదే వైరు నేరుగా ఫోన్ మైకు జాక్‌లో పెట్టి చూశాను, సౌండ్ పగిలిపోయింది. రికార్డర్‌కైతే ముందున్న పెద్ద నాబ్‌తో లెవెల్ తగ్గించుకోవచ్చు. ఒక్క గొంతే కాబట్టి దాచుకోడానికి మోనో, అంటే ఒకే చానల్, ఫైలు చాలు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ క్వాలిటీలో, సౌండ్ కుదించని మోనో వేవ్ ఫైలు గంటకు 350 ఎంబీ కూడా కాదు.

వీడియోకి ఫోనూ, ట్రైపాడూ సరిపోతాయి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వస్తుందేమోనని ఒకటే టెన్షన్.

ఇంకొక్కటి, చెవులకు హెడ్‌ఫోన్స్ లేకుండా రికార్డింగ్‌కి కూర్చోకండి. పోయిన నెల సభకి ఒక బుర్రకథ కళాకారిణి వచ్చారు. నెమ్మదిగా తన చిన్నతనం గురించి చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి "వినరా వీరకుమారా" అని ఎత్తుకున్నారు. చెవిలో ఒక్కసారిగా గొంతు పెరిగింది. చెయ్యి నాబ్ మీదే ఉంది కాబట్టి లెవెల్ సగానికి తగ్గించగలిగాను. మొదటి అక్షరం ఒక్కటే కాస్త పగిలింది. మిగతాదంతా, చివర్లో ఆవిడ మంచినీళ్లు అడగడంతో సహా, శుభ్రంగా వచ్చింది. ఆ రాత్రే వాళ్ల మనవడికి పంపాను.