30 క్రెడిట్ల ఆర్నెల్లు

జర్మనీలో ఒక సెమిస్టర్ చదవబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మొదట వీసా గురించి అడుగుతారు, తర్వాత చలి గురించి. నేనైతే ముందు క్యాలెండరు చూడమంటాను. అక్కడి శీతాకాలపు సెమిస్టర్ కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదట్లోనో మధ్యలోనో అయిపోతాయి, ఆ వెంటనే పరీక్షలు. ఈలోగా మన దగ్గర ఒక సెమిస్టర్ ముగిసి, రెండోది సగానికి వచ్చేస్తుంది. అక్కడ ఒకటి చదివితే ఇక్కడ రెండు దెబ్బతింటాయన్నమాట. అందుకే బీటెక్ వాళ్లకు 7వ సెమిస్టర్ నయం. 8వది చాలావరకు ప్రాజెక్టే కాబట్టి, గైడ్ ముందే ఒప్పుకుంటే మార్చిలో వచ్చి అందుకోవచ్చు. కాకపోతే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జోరుగా సాగేదీ ఆ 7వ సెమిస్టర్‌లోనే. ఇంట్లో వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఆ సంగతే.

ఇక అసలు విషయం, లర్నింగ్ అగ్రిమెంట్, అంటే అక్కడ చదివే సబ్జెక్టులను ఇక్కడి వాటి బదులు లెక్కిస్తామని ముందే రాసుకునే ఒప్పందం. ఈ కాగితం సరిగ్గా లేకపోతే ఎంత బాగా చదివినా ఆ చదువు మన మార్కుల మెమోలోకి రాదు. అక్కడ సెమిస్టర్‌కు 30 ఇ.సి.టి.ఎస్. క్రెడిట్లు, అంటే ఐరోపా పద్ధతి క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే దాదాపు 30 గంటల పని, క్లాసు ఒక్కటే కాదు. 5 క్రెడిట్ల సబ్జెక్టుకు 150 గంటలు. వారానికి గంటన్నర లెక్చర్, గంటన్నర ఊబుంగ్, అంటే లెక్కలు చేయించే క్లాసు. పద్నాలుగైదు వారాలకు అవి 45 గంటలు కూడా దాటవు. మిగతా వందకు పైగా గంటలు లైబ్రరీలో మనమే కూర్చోవాలి. మన దగ్గర వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్ కాబట్టి రెండు లెక్కలూ ఒకటి కావు. ఏ సబ్జెక్టు బదులు ఏ సబ్జెక్టు, ఎన్నింటికి ఎన్ని అన్నది సిలబస్ కాపీ జతచేసి, హెచ్‌ఓడీతోనూ ఎగ్జామ్ బ్రాంచ్‌తోనూ టికెట్ కొనకముందే సంతకం పెట్టించుకోండి. "వచ్చాక చూద్దాంలే" అనే మాటకు ఒప్పుకోవద్దు.

ఆరు సబ్జెక్టులు కావాలంటే పదింటికి ఆమోదం తీసుకోండి. వెళ్లాక ఒకటి వేసవి సెమిస్టర్‌లోనే చెబుతారని తేలుతుంది, ఇంకొకటి జర్మన్‌లో ఉంటుంది, రెండు పరీక్షలు ఒకే రోజు పడతాయి. సబ్జెక్టు ఏ భాషలో, ఏ సెమిస్టర్‌లో అన్నది వాళ్ల మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. దాన్ని ఓపిగ్గా చదివితే సగం తలనొప్పి తగ్గుతుంది.

గ్రేడ్ల సంగతి మరీ ముఖ్యం. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాసు, 5.0 ఫెయిలు. మన మార్కులను తమ గ్రేడులోకి మార్చడానికి వాళ్లు వాడేది సవరించిన బవేరియన్ సూత్రం: గరిష్ఠ మార్కులోంచి మనకొచ్చినది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాసు మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో హెచ్చించి, 1 కలపాలి. 10కి 8 వచ్చి, పాసు 5 అయితే 2.2. మన వాళ్లు దాన్నే తిరగేసి లెక్కేస్తే చిక్కు ఎక్కడో చూడండి. అదే 2.2 పాసు మార్కు 5 అనుకుంటే 8.0 అవుతుంది, 4 అనుకుంటే 7.6కి పడిపోతుంది. పాసు మార్కుగా ఏది తీసుకుంటారో అగ్రిమెంట్ మీదే రాయించండి.

చదువు తీరు మనవాళ్లను దెబ్బకొట్టేది పరీక్షలోనే. మిడ్‌లు లేవు, ఇంటర్నల్స్ లేవు, చాలా లెక్చర్లకు అటెండెన్స్ కూడా లేదు. ఎక్కువ సబ్జెక్టుల్లో 90 లేదా 120 నిమిషాల పరీక్ష ఒక్కటే, మొత్తం గ్రేడు దాని మీదే. ఇంకో మెలిక, క్లాసుకు పేరివ్వడం వేరు, పరీక్షకు పేరివ్వడం వేరు. రెండో దాని గడువు దాటితే హాల్లోకి రానివ్వరు. పరీక్ష తప్పితే సప్లీ వాళ్లు పెట్టేసరికి మనం ఇంటికొచ్చేసి ఉంటాం, ఆ క్రెడిట్లు పోయినట్టే. అందుకని మొదటి వారం నుంచే ఊబుంగ్ షీట్లు చేయండి. పాత ప్రశ్నపత్రాల కోసం ఫాఖ్‌షాఫ్ట్ అనే విద్యార్థి సంఘాన్ని అడగండి.

టైంటేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పదింపావుకు, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదికి. లెక్చర్ అయ్యాక చప్పట్లు కొట్టరు. అందరూ పిడికిలి వేళ్లతో బల్ల మీద టకటకా తడతారు. మూడొందల మంది హాల్లో ఆ చప్పుడు చెక్క మీద వాన కురిసినట్టుంటుంది. పాఠానికి అంత మర్యాద ఇవ్వడం నాకెంతో నచ్చింది.

దిగిన వెంటనే చేయాల్సింది అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో, ఇంటి యజమాని సంతకం చేసిన పత్రంతో వెళ్లాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే చాలదు. రెసిడెన్స్ పర్మిట్‌కు ఈ నమోదే ఆధారం. బ్లాక్డ్ అకౌంట్, అంటే వీసా కోసం అక్కడి ఖర్చుల డబ్బు ముందే జమచేసే ఖాతా, దాని లెక్క 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. అది నెలనెలా మాత్రమే చేతికొస్తుంది. ఇంటి అడ్వాన్సూ మొదటి నెల అద్దే అందులోంచి సర్దలేం, విడిగా పట్టుకెళ్లాలి.

అమ్మలకు ఒక మాట. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి సర్దకండి. బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలను ఐరోపా కస్టమ్స్ రానివ్వదు. పచ్చి కరివేపాకుకూ సర్టిఫికెట్ కావాలి. ఆవకాయ, కందిపొడి నిశ్చింతగా పెట్టండి, ఆవకాయ మూత చుట్టూ టేపు మాత్రం మూడు వరసలు వేయండి.

తిరిగొచ్చే ముందు చిరునామా రద్దు చేయించుకోవాలి. ఆ కాగితం ఉంటేనే ఇన్సూరెన్సు, రేడియో-టీవీ రుసుము సులువుగా ఆగుతాయి. ఫలితాలు రావడానికి వారాలు పడుతుంది, ట్రాన్‌స్క్రిప్ట్ ఆ తర్వాతే. దిద్దిన జవాబుపత్రం చూసుకునే రోజు ఒకటి ఉంటుంది, కూడికలో జారిన మార్కులు దొరికేది ఆ రోజే. మనం అప్పటికి ఊళ్లో ఉండం కాబట్టి, మన తరఫున చూడడానికి అక్కడి స్నేహితుడి పేరిట సంతకం చేసిన ఫోల్‌మాఖ్ట్, అంటే అధికార పత్రం, ఒప్పుకుంటారేమో పరీక్షల ఆఫీసులో ముందే అడిగి, ఇచ్చి రండి.