తిప్పకుండా విసరడం నేర్చుకుంటున్నాను

మార్చి, మొదటి వారం

కాలేజీ రోజుల్లో ఆఫ్ స్పిన్ వేసేవాణ్ణి. ఇరవై ఏళ్ల తరువాత ఆ విద్యే నాకు అడ్డం తిరిగింది. బోస్టన్ శివార్లలో మంచు ఇంకా కరగలేదు. కారును బయటపెట్టి, గరాజ్ గోడకు పాత పరుపు ఆనించి, ఆరు మీటర్ల దూరం నుంచి బేస్‌బాల్ విసురుతున్నాను. బంతి పరుపును తాకేలోపు అరచుట్టుకు మించి తిరగకూడదు. దీన్నే నకిల్‌బాల్ అంటారు. నా బంతి మూడు నాలుగు చుట్లు తిరిగి వెళుతోంది. వద్దన్నా వేళ్లు తిప్పేస్తున్నాయి.

ఈ పిచ్చి టిమ్ వేక్‌ఫీల్డ్ అనే నకిల్‌బాల్ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) వల్ల పట్టింది. 2023 అక్టోబరు 1న మెదడు క్యాన్సర్‌తో ఆయన పోయాడు. వయసు 57. మరునాడు ఆఫీసులో మా పక్క బల్ల పెద్దాయన కంప్యూటర్ తెరవనేలేదు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు 17 సీజన్లు ఆడిన ఈ మనిషి గురించి మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు. అన్నీ విని ఇంటికొచ్చి పాత ఆటల వీడియోలు పెట్టుకున్నాను. అక్కడి ఫాస్ట్‌బాల్ గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. ఈయన బంతి 105 దగ్గర తచ్చాడుతూ వస్తుంది. బ్యాటర్లు గాలిలో ఈగను తోలినట్టు బ్యాటు ఊపుతున్నారు.

మొదటి వారం లెక్క: 300 విసుర్లు, పనికొచ్చినవి 9.

మార్చి, మూడో వారం

పట్టు గురించి. పేరులో వేలి కణుపులున్నా, ఇప్పుడు అందరూ గోళ్లతోనే పడతారు. చూపుడు వేలు, మధ్య వేలు గోళ్లను గుర్రపు నాడాలా వంగిన కుట్టుకు కాస్త వెనక తోలులో గుచ్చాలి. బొటనవేలు, ఉంగరపు వేలు పక్కల నుంచి అదుముతాయి. మణికట్టు కదలకూడదు. చివరి క్షణంలో రెండు వేళ్లూ బంతిని ముందుకు నెట్టి విడిచిపెట్టాలి. తలుపును వేలి కొసలతో తోసినట్టు. స్పిన్నరుకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు.

చుట్లు లెక్కపెట్టడానికి బంతిలో సగం నల్ల మార్కరుతో నింపాను. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో పెడితే నలుపు ఎన్నిసార్లు కనబడి మాయమైందో లెక్కించవచ్చు. కంటిని నమ్మితే మాత్రం ప్రతి బంతీ అద్భుతంగానే ఉంటుంది.

గోళ్లు మరో కథ. వేలి కొస దాటి రెండు మిల్లీమీటర్లు ఉండాలి, అంచు గుండ్రంగా కాక తిన్నగా ఉండాలి. కత్తిరిస్తే చీలుతాయి, ఆకురాయితో అరగదీయాలి. రెండు రోజులకొకసారి గోళ్లు గట్టిపడే పూత వేస్తున్నాను. అది మా ఆవిడ సీసాలోదే. ఆవకాయ అన్నం కలుపుకున్నప్పుడు మాత్రం ఆ రెండు వేళ్లూ పైకెత్తి తినాల్సి వస్తోంది. ఫోనులో సంగతి చెబితే మా అమ్మ బేస్‌బాల్ గురించి ఏమీ అడగలేదు. "మంగళవారం, శుక్రవారం మాత్రం గోళ్ల జోలికి పోకురా" అంది.

ఏప్రిల్

మంచు కరిగింది. పెరట్లో అసలు దూరం కొలిచాను. పిచ్చర్ మెట్టు నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. కాలు ముందుకు వేసి వదిలాక బంతికి మిగిలేది దాదాపు 17. నా బంతికి అంత దూరం వెళ్లడానికి 216 ఫ్రేములు పట్టింది. అంటే 0.9 సెకను, గంటకు దాదాపు 68 కిలోమీటర్లు. వేక్‌ఫీల్డ్ వేగం చాలా దూరంలో ఉంది. వేగం సంగతి తరువాత చూడవచ్చు.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ బంతి కొత్త కాదు. 2011 ప్రపంచ కప్‌లో జహీర్ ఖాన్ నకిల్ బాల్‌తో వికెట్లు తీశాడు. అయితే క్రికెట్ బంతి కుట్టు నడుముకు మొలతాడులా ఒకే పట్టీ. బేస్‌బాల్‌కు 108 జంట కుట్లు వంకరలు తిరుగుతూ బంతినంతా చుట్టి ఉంటాయి. బంతి మెల్లగా తిరిగేకొద్దీ కుట్టు ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు వచ్చి గాలిని చెదరగొడుతుంది. అందుకే దారిలో మనసు మార్చుకున్నట్టు కదులుతుంది. అసలు తిరగకపోయినా లాభం లేదు, కుట్టు ఒకే పక్కన ఉండిపోతుంది. అరచుట్టు నుంచి చుట్టున్నర దాకా, అదే మంచి మోతాదు.

పదమూడేళ్ల మా అబ్బాయి క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. మామూలు గ్లవ్‌తో మొదటి రోజే మోకాలి కింద రెండు దెబ్బలు తిన్నాడు. సాఫ్ట్‌బాల్ క్యాచర్లు వాడే వెడల్పాటి గ్లవ్, మొహానికి జాలీ, కాళ్లకు గార్డులు కొన్నాకే మళ్లీ నిలబడ్డాడు. ఎవరైనా మొదలుపెడితే బంతి కంటే ముందు ఇవి కొనండి. ఈ బంతిని పట్టే తేలిక మార్గం అది దొర్లడం ఆగాక వెళ్లి ఏరుకోవడమేనని మాజీ క్యాచర్ బాబ్ యూకర్ హాస్యమాడేవాడు. మావాడు ఇప్పుడు ఆచరిస్తున్నది అదే.

వేక్‌ఫీల్డ్‌కు డగ్ మిరబెల్లి అనే ప్రత్యేక క్యాచర్ ఉండేవాడు. 2006కు ముందు జట్టు అతన్ని శాన్ డియేగో జట్టుకు ఇచ్చేసింది. కొత్తగా వచ్చిన క్యాచర్ బంతులు వదిలేస్తూ ఉండడంతో, మే 1న మిరబెల్లిని వెనక్కి తెచ్చుకున్నారు. విమానాశ్రయం నుంచి పోలీసు బండి ముందు నడవగా, కారులోనే ఆట దుస్తులు మార్చుకుంటూ రెడ్ సాక్స్ మైదానం ఫెన్‌వే పార్క్ చేరాడు. 1999లో మరో విచిత్రం: వేక్‌ఫీల్డ్ ఒకే ఇన్నింగ్స్‌లో నలుగుర్ని స్ట్రయికవుట్ (మూడు స్ట్రయిక్‌లతో, అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన బంతులతో ఔట్) చేశాడు. మూడో స్ట్రయిక్‌ను క్యాచర్ పట్టలేకపోతే బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. అందుకే ముగ్గురు ఔటైతే ముగియాల్సిన ఇన్నింగ్స్‌లో స్ట్రయికవుట్లు నాలుగయ్యాయి.

ఏప్రిల్ ఆఖరి వారం: 240 విసుర్లు, పనికొచ్చినవి 52. అబ్బాయి పట్టినవి లెక్క రాయవద్దన్నాడు.

మే

పదిహేను రోజులుగా చేయి చెడిపోయింది. మణికట్టు మళ్లీ తిరుగుతోంది, పాత రోగం. 52 నుంచి 14కు పడిపోయాను. తిరగని నకిల్‌బాల్‌కు బ్యాటర్ భయపడాలి, తిరిగే నకిల్‌బాల్ అంటే వడ్డించిన విస్తరి.

ఈ సమయంలోనే వేక్‌ఫీల్డ్ మొదటి ఏళ్లను మళ్లీ చదివాను. 1966లో ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పెరట్లో ఆట చాలించాలనుకున్నప్పుడల్లా వాళ్ల నాన్న నకిల్‌బాల్ విసిరేవాడట, పిల్లవాడు పట్టలేక విసిగి ఇంట్లోకి వస్తాడని. (మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా ఇదే.) 1988లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు తీసుకున్నది పిచ్చర్‌గా కాదు, మొదటి బేస్ దగ్గర ఆడే బ్యాటర్‌గా. మైనర్ లీగ్‌లో (పెద్ద లీగ్‌కు కింది స్థాయి పోటీల్లో) బ్యాటు పలకలేదు. అందులోనే డబుల్ ఏ అనే మధ్య స్థాయి దాటడం కష్టమని తేల్చారు. సరదాగా విసిరే నకిల్‌బాల్ శిక్షకుల కంట పడి, అదే బతుకుదెరువయింది.

1992 జూలై 31న మొదటి పెద్ద ఆట. ఆ సీజన్‌లో ఆయన పేరున ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి. ప్లేఆఫ్‌లో (సీజన్ తరువాతి నాకౌట్ పోటీల్లో) అట్లాంటా మీద రెండు ఆటలు మొదటి నుంచి చివరిదాకా తానే వేసి గెలిపించాడు. మరుసటి ఏడాది 6 గెలిచి 11 ఓడాడు. 1994 అంతా మైనర్ లీగ్‌లోనే గడిచింది, అక్కడ 5 గెలుపులు, 15 ఓటములు. 1995 వసంతంలో పైరేట్స్ వదిలేసింది. రెడ్ సాక్స్ చేరదీసి, నకిల్‌బాల్‌లో పండిపోయిన ఫిల్, జో నీక్రో సోదరుల దగ్గర సాధనకు పెట్టింది. ఆ ఏడాది మొదటి 15 ఫలితాల్లో 14 గెలుపులు!

నేను పూర్తి దూరం విసిరే ప్రయత్నం మాని ఆరు మీటర్లకు, పరుపు దగ్గరకు తిరిగి వెళ్లాను. వారానికి మూడు రోజులు, రోజుకు 80 విసుర్లు, సగం బలంతో. మోచేయి సంగతి కూడా చెప్పాలి: ఈ బంతికి బలం అక్కర్లేదు కాబట్టి చేయి అలసిపోదనే మాట నలభై దాటినవాళ్లకు వర్తించదు. ప్రతిసారీ ముందు పది నిమిషాలు రబ్బరు పట్టీతో భుజం వేడెక్కించాకే మొదలుపెడుతున్నాను.

జూన్

వీడియోలలో నాకు బాగా నచ్చింది 2004 అక్టోబరు. న్యూయార్క్ యాంకీస్‌తో ఏడు ఆటల సిరీస్‌లో మూడో ఆట 19-8తో చేజారుతోంది. నాలుగో ఆట మొదలుపెట్టాల్సింది వేక్‌ఫీల్డే. ఆ అవకాశం వదులుకుని, మిగతా పిచ్చర్ల చేతులు మిగల్చడానికి, ఓడిపోయే ఆటలో మూడు పైచిలుకు ఇన్నింగ్స్ వేశాడు. రెండు రోజులకు అయిదో ఆట 14 ఇన్నింగ్స్ సాగింది. చివరి మూడూ ఆయనవే. ఆ రాత్రి క్యాచర్ మిరబెల్లి కాదు, జట్టు మామూలు క్యాచర్ వారిటెక్. పదమూడో ఇన్నింగ్స్‌లో అతను మూడు బంతులు వదిలేశాడు. ప్రతిసారీ ఊపిరి బిగబడుతుంది, ఫలితం తెలిసినా. పరుగు మాత్రం రాలేదు. ఆ ముందటేడు ఇదే యాంకీస్ మీద ఏడో ఆటను ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) ఇచ్చి పోగొట్టింది కూడా ఇదే చేయి. 2004 అక్టోబరు ఆఖరున రెడ్ సాక్స్ 86 ఏళ్ల తరువాత ప్రపంచ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ టైటిల్) గెలిచింది.

ఇరవై ఏళ్ల సర్వీసు ఉద్యోగిలా తరువాత కూడా ఆడుతూనే ఉన్నాడు. 42 ఏళ్ల వయసులో తొలిసారి ఆల్ స్టార్ జట్టులోకి వచ్చాడు. 2011లో 199వ గెలుపు తరువాత 200వది అందడానికి ఎనిమిది ప్రయత్నాలు పట్టింది. సెప్టెంబరు 13న టొరంటో మీద వచ్చింది. రెడ్ సాక్స్ తరఫున ఆయన వేసినన్ని ఇన్నింగ్స్ ఇంకెవరూ వేయలేదు, 3,006.

ఇక నా లెక్క. ఈ వారం అసలు దూరంలో 240 విసుర్లు, పనికొచ్చినవి 71. వేగం 74 కిలోమీటర్లు. ఒకటి మావాడి ఛాతీ ఎత్తున వస్తూ ఉన్నట్టుండి మోకాలికి జారింది. వాడు గ్లవ్ పైనే ఉంచి బంతి వైపు కాక నా వైపు చూశాడు. వీడియోలో లెక్కపెట్టాను: ముప్పావు చుట్టు.

దాని తరువాతి విసురుకే మధ్య వేలు గోరు అడ్డంగా చీలింది. మంగళవారం. ఆకురాయితో అప్పుడే సరిచేసుకున్నాను. అమ్మకు చెప్పలేదు.