తమిళ పేర్లు తెలుగులో రాయాలంటే ఇంగ్లీషు స్పెల్లింగు చూడకండి

తమిళనాడు ఊరి పేరో, మనిషి పేరో తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు చాలామంది ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసేస్తారు. తప్పులన్నీ అక్కడే పుడతాయి. జడ్ పక్కన హెచ్ కనబడగానే ‘జ’ అనుకుంటే కనిమొళి కాస్తా ‘కనిమోజి’ అవుతుంది. టీ పక్కన హెచ్ ఉంటే ‘థ’ అనుకుంటారు. కానీ తమిళులు అక్కడ హెచ్ పెట్టేది అది ‘ట’ కాదు, ‘త’ అని చెప్పడానికే. తమిళ లిపిలో ఖ, థ, ధ లాంటి మహాప్రాణాలే లేవు.

అందుకని ముందు ఆ పేరు తమిళ అక్షరాల్లో ఎలా ఉందో చూడండి. రైల్వే స్టేషన్ బోర్డు ఫొటో దొరికినా చాలు. తమిళంలో అసలు హల్లులు 18. క, గ రెండింటికీ ఒకటే అక్షరం. చ, ట, త, ప వర్గాలకూ అంతే. పరుషమా (క, చ, ట, త, ప), సరళమా (గ, జ, డ, ద, బ) అన్నది చోటును బట్టి తేలుతుంది. మాట మొదట్లోనూ, జంటగా వచ్చినప్పుడూ పరుషం. అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్నా, అనునాసికం (ఞ, ణ, న, మ లాంటివి) తర్వాత వచ్చినా సరళం.

ఒక పేరు విప్పి చూద్దాం. తమిళ బోర్డులో ఉన్నది ఉన్నట్టు దించితే ‘తూత్తుక్కుటి’ అని వస్తుంది. ‘తూ’ మాట మొదట్లో ఉంది, మారదు. ‘త్తు’, ‘క్కు’ జంటలు, అవీ మారవు. చివరి ‘టి’ రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉంది కాబట్టి ‘డి’. అంటే తూత్తుక్కుడి. ఇంగ్లీషు స్పెల్లింగులో ‘క్క’ జంట కనబడదు, దాన్ని చూసి రాస్తే మనకూ పోతుంది. ఇదే లెక్కన ‘మురుకన్’ మురుగన్, ‘తఞ్చావూర్’ తంజావూరు.

ఈ సూత్రం రెండుచోట్ల పనిచేయదు. మొదటిది చ. చెన్నై, సేలం రెండూ తమిళంలో ఒకే హల్లుతో మొదలవుతాయి. ఇక్కడ తమిళం తెలిసినవాళ్లు పలుకుతుంటే విని రాయడమే దారి. రెండోది సంస్కృతం నుంచి వచ్చిన పేర్లు. ‘కుమ్పకోణమ్’కు సూత్రం వర్తింపజేస్తే ‘కుంబగోణం’ వస్తుంది, రాయాల్సింది కుంభకోణం. ధనుష్, భారతి లాంటి పేర్లకూ మూలంలోని అక్షరమే తిరిగి పెట్టాలి.

ఇక ఴ. ఇంగ్లీషులో జడ్-హెచ్ అని రాసేది దీన్నే. ఒకప్పుడు తెలుగు శాసనాల్లోనూ ఉండేది. వాళ్ల ‘ఏఴు’ మన ఏడు, వాళ్ల ‘కోఴి’ మన కోడి. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. 2014లో వచ్చిన దాని 7.0 వెర్షన్‌లో ఈ తెలుగు అక్షరానికి చోటు దొరికింది. అయినా పాత ఫాంట్లలో ఖాళీ డబ్బా కనిపిస్తుంది కాబట్టి మామూలు రాతలో ‘ళ’ వాడటమే మేలు. మలయాళానికీ ఇదే వర్తిస్తుంది. ‘అలప్పుజా’ అన్న రాతలో మూడు తప్పులున్నాయి: మొదటి దీర్ఘం పోయింది, చివర లేని దీర్ఘం చేరింది, ‘ళ’ పోయి ‘జ’ వచ్చింది. సరైనది ఆలప్పుళ. రోమన్ లిపిలో గుర్తులతో రాసిన పుస్తకం చేతిలో ఉంటే, ఐఎస్ఓ 15919 పద్ధతిలో కింద గీత ఉన్న ఎల్ ఴ, కింద చుక్క ఉన్న ఎల్ ళ.

బండి ఱ కూడా తమిళంలో నిక్షేపంగా ఉంది. ఒంటరిగా ఉంటే ‘ర’ అని రాసుకోవచ్చు, జంటగా వస్తే ‘ట్ర’కు దగ్గరగా పలుకుతుంది. సినీ దర్శకుడు వెట్రిమారన్ పేరులో రెండూ ఉన్నాయి: ‘ట్రి’ జంట ఱ, ‘ర’ ఒంటరి ఱ. తిరువొట్రియూరులోనూ అదే జంట ఉంది, కానీ ఇంగ్లీషులో రెండు టీలతో రాస్తారు. అది చూసి ‘త్తి’ అని రాసేవాళ్లూ ఉన్నారు, ‘ట్టి’ అని రాసేవాళ్లూ ఉన్నారు.

విభక్తులు చేర్చేటప్పుడు ఊరి పేర్లతో చిక్కు లేదు. ‘ఊర్’ను ‘ఊరు’ చేస్తే వేలూరులో, వేలూరుకు అని హాయిగా సాగుతుంది. మనుషుల పేర్లే పొల్లుతో ఆగుతాయి. మురుగన్ పక్కన ‘కు’ కొడితే ‘మురుగన్కు’ అని కింద వత్తుగా దిగిపోతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితే ‘మురుగన్‌కు’ అని విడిగా నిలుస్తుంది. ఈ గుర్తు కంటికి కనబడదు కానీ కంప్యూటరుకు అదీ ఒక అక్షరమే. ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేస్తే వెతుకులాటలో సగం ఫలితాలు దొరకవు. పేర్ల పట్టికలో దాన్ని పెట్టకుండా, వాక్యాల్లో విభక్తి చేరే చోట మాత్రమే పెట్టండి.