గుణదల కొండ కింద చెప్పిన మాట

ఫిబ్రవరి 10 రాత్రి గుంటూరులో రైలెక్కేసరికే కాలు పెట్టడానికి చోటు లేదు. సగానికి సగం విజయవాడ గుణదల కొండ మీద మరియమాత తిరునాళ్లకి వెళ్లేవాళ్లే. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. పండక్కి విజయవాడ స్టేషన్‌లో దిగి, ఏలూరు రోడ్డు మీద జపమాల చెప్పుకుంటూ గుణదల దాకా నడవడం మా నాన్న పెట్టిన అలవాటు. ఆ రాత్రి మా ఆవిడ ముందు నడుస్తూ జపం ఎత్తుకుంటుంటే, వెనక నేను అందుకుంటున్నాను. నోరు జపం చెబుతోంది గానీ మనసంతా అమ్మ గొలుసు మీదే ఉంది.

నాలుగేళ్ల కిందట అమ్మ చనిపోయింది. పోయే ముందు తన మెడలోని రెండు పేటల గొలుసు చెల్లికి ఇమ్మంది. నేను ఇవ్వలేదు. "ఆసుపత్రి ఖర్చులకి అమ్మేశాను" అని చెల్లికి చెప్పాను, మా ఆవిడకీ అదే చెప్పాను. నిజానికి దాన్ని తాకట్టు పెట్టి నా చీటీ బాకీ తీర్చుకున్నాను. ఏటా ఎవరికీ తెలియకుండా వెళ్లి వడ్డీ కట్టి వచ్చేవాణ్ణి.

ఈ నాలుగేళ్లలో పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయలేదని కాదు. చేశాను. 1215లో మా కథోలిక సభ పెద్దల లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా చేయాలని కట్టడి చేసింది. మా ఇంట్లో క్రిస్మస్‌కీ పాస్కకీ (ఈస్టర్‌కి) తప్పనిసరి. కానీ ఏం చెప్పేవాణ్ణి? కోపపడ్డాను, అబద్ధాలాడాను, ఆదివారం పూజ మానాను. ముప్పై ఏళ్లుగా అదే పాట. ఏ అబద్ధం, ఎవరితో అన్నది మాత్రం మింగేసేవాణ్ణి. చిన్నప్పుడు సత్యోపదేశంలో, అంటే గుడిలో పిల్లలకి చెప్పే మత పాఠాల్లో, వరసగా నేర్పారు: ఆత్మశోధన, మనస్తాపం, ఇక చేయనన్న నిశ్చయం, గురువుతో చెప్పడం, ప్రాయశ్చిత్తం. నేను మొదటి మెట్టు దగ్గరే మోసం చేస్తూ వచ్చాను.

మా పక్కింటి పెద్దాయన లూథరన్, మా కథోలిక సభ కాదు. ఆయన ఎప్పుడూ అంటుంటాడు, "దేవుడికే నేరుగా చెప్పుకోవచ్చు కదయ్యా, మధ్యలో ఫాదర్ ఎందుకు?" అని. దేవుడు నేరుగా వింటాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నా సంగతి చెబుతాను. నాలుగేళ్లు ప్రతి రాత్రీ దుప్పటి కప్పుకుని దేవుడికే చెప్పాను. చెప్పి నిద్రపోయేవాణ్ణి. పొద్దున గొలుసు తాకట్టులోనే ఉండేది. "మరి తిరిగి ఎప్పుడిస్తావు?" అని అడిగే మనిషి నాకు కావలసి వచ్చాడు.

తెల్లవారేసరికి కొండ కింద జనం కిక్కిరిసి ఉన్నారు. 1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు ఇక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. ఇప్పుడు క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. పాపసంకీర్తనం వినే గురువుల ముందు వరసలు కట్టి ఉన్నాయి. మా ఆవిడ ఒక వరసలో నిలబడింది, నేను కావాలనే దూరంగా ఇంకో వరసలోకి పోయాను.

నా వరస ముందున్న గురువు ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. పెద్దవయసు. మెడలో గురువులు వేసుకునే ఊదారంగు పట్టీ (స్టోలు), దాని అంచు చేతి చెమటకి నల్లబడింది. మోకరించాను. అలవాటైన పాట మొదలుపెట్టాను. "అబద్ధాలాడాను స్వామీ" అన్నాక ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. చెవి ఇంకాస్త నా వైపు వంచారు, అంతే. ఆ వంచిన చెవిలో అంతా చెప్పేశాను. గొంతు నాదేనా అనిపించింది.

"గొలుసు ఇంకా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "అయితే విడిపించి ఆ అమ్మాయికి ఇచ్చెయ్యి. బైబిల్లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, నువ్వు ఉన్నది ఇస్తే చాలు." ఐదు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం ఇచ్చి, తల మీద చేయి చాచి పాపవిమోచనం పలికారు. ప్రాణం పోయినా ఆ గురువు దీన్ని బయటపెట్టరు, అది వాళ్ల నియమం. ఇప్పుడు నేనే నా నోటితో చెప్పుకుంటున్నాను.

మెట్ల మీద కరిగిన మైనం గట్టిపడి కాళ్ల కింద జారుతోంది. మా ఆవిడ కొవ్వొత్తి వెలిగించింది. నాది వెలిగించలేదు. నీ సహోదరుడికి నీ మీద విరోధం ఏదైనా ఉంటే, కానుకను పీఠం ముందే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అని ప్రభువు చెప్పిన మాట గుర్తొచ్చింది. కొవ్వొత్తి సంచిలో పెట్టుకుని దిగాను. "ఏమైంది?" అంది మా ఆవిడ. "తర్వాత వెలిగిస్తాలే" అన్నాను.

ఏప్రిల్‌లో మిర్చి డబ్బు చేతికందగానే గొలుసు విడిపించి సత్తెనపల్లిలో చెల్లి వాళ్లింటికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గొలుసు అరచేతిలో వేసుకుని, ఊడిన కొక్కెం స్థానంలో అమ్మ కట్టుకున్న ఎర్రదారం ముడిని బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

"వదినకి తెలుసా అన్నయ్యా?" అంది చివరికి.

"తెలియదు."

"అయితే ఈ రాత్రికే ఇంటికెళ్లి చెప్పు. భోంచేసి బయల్దేరు" అని లోపలికి వెళ్లి కంచం పెట్టింది.