ఈసీఈ వాడికి చెరువుల సారు ట్యూషన్

మొన్న రాత్రి పదిన్నరకు మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఫోటో పంపింది. నాలుగు కన్వల్యూషన్ లెక్కలు (ఒక సిగ్నల్ సిస్టమ్ లోపలికి వెళ్తే బయటికి ఏమొస్తుందో కట్టే లెక్క), కింద "అన్నా, చేసి పంపవా, రేపు తొమ్మిదికల్లా ఇవ్వాలి" అని. చేసి పంపడం నాకు పది నిమిషాల పని. పంపలేదు. నువ్వు ఎంతవరకు చేశావో ఆ పేజీ పెట్టు అన్నాను. అరగంట దాకా బ్లూ టిక్కులే తప్ప జవాబు లేదు. కోపమొచ్చి ఉంటుంది, ఒకప్పుడు నాకూ ఇట్లాగే వచ్చింది.

నేను అనంతపురంలో ఈసీఈ చదివాను. ఏ కాలేజీ అనేది వదిలేద్దాం. ఇంటర్‌లో లెక్కలు బాగానే వచ్చేవి, ఇంటిగ్రేషన్ అంటే భయమేమీ లేదు, కానీ 2-1లో, అంటే రెండో ఏడాది మొదటి సెమ్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మొదలయ్యాక మాత్రం ఏ పేజీ తిప్పినా లెక్క చేయడం వచ్చేది గానీ ఎందుకు చేస్తున్నానో తెలిసేది కాదు. కన్వల్యూషన్ అయితే మరీ ఘోరం. "తిప్పండి, జరపండి, గుణించండి, కూడండి" అని సారు నాలుగు ముక్కల్లో చెప్పేశారు. ఎందుకు తిప్పాలి సార్ అని నేనొకసారి లేచి అడిగితే, ఫార్ములాలో మైనస్ ఉంది కదా అన్నారు. క్లాసంతా నవ్వింది, నేను కూర్చున్నాను. ఎక్స్‌టర్నల్‌లో 70కి 11 వచ్చాయి. సప్లీ.

దీనికి తోడు ఇంకో తెలివి పని కూడా చేశాను. సిమ్యులేషన్ ల్యాబ్‌లో గొంతు రికార్డు చేసి అందులో గోలను ఫిల్టర్‌తో తీసేసే ప్రోగ్రాం ఒకటి ఇచ్చారు. ఇలాంటివి చేసిపెట్టే షాపు ఒకటుంటే 600 రూపాయలిచ్చి చేయించుకున్నాను. గ్రాఫులన్నీ భలే ఉన్నాయి. వైవాలో వచ్చిన మేడమ్ ఒకే ఒక్కటి అడిగింది, శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు గొంతును కొలవాలో ఆ అంకె, 8000 ఎందుకు పెట్టావు అని. "వాళ్లు అట్లే ఇచ్చారు మేడమ్" అన్నాను. ఎవరు వాళ్లు అని ఆమె అడగలేదు, అదొక్కటే అదృష్టం. నిజానికి జవాబు చిన్నదే. ఫోన్‌లో మాట అర్థం కావడానికి 3400 హెర్ట్జ్ దాకా ఉంటే చాలు, దానికి రెండింతలు 6800, సెకనుకు అంతకన్నా ఎక్కువసార్లు శాంపిల్ తీయాలి, ఏ ఫిల్టరూ గోడలా నిలువుగా కోయలేదు కాబట్టి దానికి కాస్త జాగా వదిలి 8000 పెడతారు. ఈ నాలుగు ముక్కలు ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ 600 మిగిలేవి.

అప్పుడు నేను సాయినగర్‌లో మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటి ఓనరు ఇరిగేషన్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేసి రిటైరైన పెద్దాయన. పొద్దునపూట మెట్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంటే చూసి, "ఏమప్పా, మొఖం అట్ల పెట్టినావు" అన్నారు. సప్లీ సంగతి చెప్పాను. మీకిది తెలీదులే సార్ అని కూడా అన్నాను, ఎంత పొగరో చూడండి. ఆయన అద్దాలు పెట్టుకుని పేజీ అటూ ఇటూ తిప్పి, "ఇది మా యూనిట్ హైడ్రోగ్రాఫే కదప్పా" అన్నారు.

అదేంటంటే, ఒక సెంటీమీటరు వాన పడితే వాగులో ఏ రోజు ఎన్ని నీళ్లొస్తాయో చెప్పే గ్రాఫు. షెర్మన్ అనే అమెరికా ఇంజినీరు 1932లో చెప్పిన పద్ధతి, సివిల్ వాళ్లు ఇప్పటికీ చదువుతారు. ఆయన కరెంటు బిల్లు వెనక్కి తిప్పి దాని మీద రాశారు. ఒక సెంటీమీటరు వానకు బుక్కరాయసముద్రం చెరువులోకి మొదటి రోజు 5 పాళ్లు, రెండో రోజు 3, మూడో రోజు 1 వస్తాయనుకో. ఇప్పుడు సోమవారం 2 సెంటీమీటర్లు పడింది, మంగళవారం లేదు, బుధవారం 1 పడింది. బుధవారం చెరువులోకి ఎన్ని వస్తాయి? బుధవారం వానకు అది మొదటి రోజు కాబట్టి 5, సోమవారం వానకు అది మూడో రోజు కాబట్టి రెండొకట్ల 2, మొత్తం 7.

నేను అక్కడే ఆగిపోయాను. ఈరోజు వానకు మొదటి అంకె, నిన్నటి వానకు రెండోది, మొన్నటి వానకు మూడోది. వాగు లెక్కలో ముందుకు పోతుంటే వాన లెక్కలో వెనక్కి పోతున్నాం. తిప్పడమంటే ఇంతే! ఆ మైనస్ ఎవరో కావాలని పెట్టింది కాదు, పాత వాన ఎక్కువ రోజులు ప్రయాణం చేసి ఉంటుంది కాబట్టి వచ్చింది. మా పుస్తకంలో ఇంపల్స్ రెస్పాన్స్ అని ఉన్నది ఈ 5, 3, 1 మాత్రమే. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులకూ వేస్తే 10, 6, 7, 3, 1 వచ్చింది. కూడితే 27, అటు వాన మొత్తం 3, రెస్పాన్స్ మొత్తం 9, గుణిస్తే అదే 27. సరిచూసుకోవడానికి ఈ చిట్కా ఆయన చెప్పిందే, నేను పరీక్షలో కూడా వాడాను.

ఇంకొకటి కూడా చెప్పారు. "మన సీమలో తొలి వాన చెరువు దాకా యాడొస్తుందప్పా, నేలే తాగేస్తుంది. అందుకని నేల తాగింది ముందే తీసేసి, మిగిలిన దానికే ఈ లెక్క కడతాం." రెండింతలు వాన పడితే రెండింతలు నీళ్లు రావాలి, ఈరోజు పడినా వచ్చే వారం పడినా వాగు ఒకేలా నడవాలి, అప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. లీనియర్, టైమ్ ఇన్‌వేరియంట్ అని నేను బట్టీ పట్టిన రెండు మాటల మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా గట్టిగా పడని ఊళ్లో ఒక పెద్దాయన ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాడన్నమాట.

పదకొండున్నరకు మా చెల్లి పేజీ పంపింది. తిప్పడం, జరపడం అన్నీ బాగానే చేసింది, కానీ మూడు అంకెలు రాసి ఆపేసింది. ఈ చెరువు లెక్క చెప్పి, వాన ఆగిన రోజే వాగు ఆగుతుందా అని అడిగాను. రెండు నిమిషాలకు మిగిలిన రెండు అంకెలూ పెట్టింది. ఫ్రీగా దొరికే ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వేసుకుని, కాన్వ్ అనే కమాండ్‌తో సరిచూసుకో అని చెప్పాను, చేత్తో చేశాకే. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ సార్ల పాఠాలు కూడా ఊరికే దొరుకుతాయి గానీ, ఏ ముక్క అర్థం కాలేదో తెలియకుండా గంట వీడియో పెట్టుకుంటే నాకైతే నిద్రే వచ్చేది. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "ఏమీ అర్థం కాలేదు" అనకుండా "మూడో లైను నుంచి నాలుగో లైను ఎట్లా వచ్చింది" అని అడిగితే, ఎంత పని మీదున్న సీనియరైనా రెండు నిమిషాలు ఆగుతాడు. ఫోటో పెట్టి చేసిపెట్టు అంటే ఏఐ చేసిపెడుతుంది, ఆ షాపు కూడా చేసిపెట్టింది.

సప్లీలో గట్టెక్కాను. మైసూర్‌పాక్ తీసుకుని కిందికి వెళ్లి చెప్పాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, "సరే, మాకు ఏడాదంతా రోజువారీ వాన లెక్కలుంటాయి, 365 అంకెలు చేత్తో వేయలేక చచ్చేవాళ్లం, మీ వాళ్లు ఏం చేస్తారు" అన్నారు. సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ తీసుకుంటే కన్వల్యూషన్ కాస్తా మామూలు గుణకారం అయిపోతుంది సార్ అన్నాను గొప్పగా.

"ఎందుకైతుంది?"

అరగంట చెప్పాను. ఆయన మొత్తం విని, డబ్బా మూత పెట్టి, "నీకింకా తెలీలేదప్పా, రేపు రా" అన్నారు.