తమ్ముడి ఫోన్‌లో ఆ ప్రశ్న

“అక్కా, ఇది కూడా నన్ను గమనిస్తోందా?” అని అడిగి, తమ్ముడు ఫోన్‌ను మంచంపై బోర్లా పెట్టేశాడు. ఎన్ని గంటలు నిద్రపోయారు, మాత్ర వేసుకున్నారా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించాయా అని వాడి ఫోన్‌లో జబ్బు లక్షణాలను గమనించే యాప్ రోజూ రాత్రి 8 గంటలకు అడుగుతుంది.

ఎవరో తనను గమనిస్తున్నారన్న భయమే జబ్బుగా ఉన్నవాడి చేతిలో, గమనించే పరికరాన్నే పెట్టామన్న సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టనందుకు మనసు కలతపడింది.

అయినా దాన్ని తీసివేయడానికి చేయి రాలేదు. సైకోసిస్, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు బలపడటం వంటి మానసిక జబ్బు, తిరగబెట్టే ముందు చాలామందికి మొదట చెదిరేది నిద్రే. కిందటి వర్షాకాలంలో వరుసగా మూడు రాత్రులు వాడు రెండేసి గంటలే పడుకున్నాడని అందులో చూసిన తరువాతనే, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం తీసుకువెళ్లి డాక్టరు గారికి చూపించాము. మందు మోతాదు మార్చడంతో ఆసుపత్రిలో చేర్చే అవసరం రాలేదు.

అందుకే పక్కన కూర్చుని, ఆ జవాబులు డాక్టరు గారికీ నాకూ తప్ప మరెవరికీ కనిపించవని సెట్టింగుల్లో చూపించాను, లొకేషన్ అనుమతిని వాడి చేతనే ఆపించాను. రోగి వివరాల గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కని చెప్పాను. యాప్ వద్దనిపించిన రాత్రి మనిషి గొంతు వినేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉందని గుర్తుచేశాను.

చాలాసేపటికి ఫోన్ తిప్పి, నిద్ర గురించిన ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చాడు. మిగిలినవి ఖాళీగా వదిలేశాడు, నేను అడగలేదు.