డిస్కార్డ్‌లో మన పిల్లలు ఎవరితో నవ్వుతున్నారు?

డార్క్ వెబ్ (మామూలుగా వెతికితే దొరకని ఇంటర్నెట్ మూల) అనగానే ఇక్కడ అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రులు దాన్ని తెరిచే టార్ బ్రౌజర్ గురించే భయపడతారు. నా టెన్షన్ వేరు. ద్వేషం నూరిపోసి మనుషుల్ని తమ గుంపులోకి పోగేసుకోవాలనుకునేవాళ్ళు, ఎవరూ రాని చోట ఎందుకు కూర్చుంటారు? ఉగ్రవాద సంస్థ ఐసిస్ 2015లో టార్ మీద సైటు పెట్టింది గానీ, జనం చేరింది టెలిగ్రామ్‌లో. ట్విటర్‌లో గాలం వేసి, అక్కడికి లాక్కెళ్ళేవాళ్ళు.

మేముండే న్యూయార్క్ రాష్ట్రంలోనే, బఫెలోలో, 2022 మే 14న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒక సూపర్‌మార్కెట్‌లో పది మంది నల్లజాతివారిని కాల్చి చంపాడు. కరోనా రోజుల్లో ఏమీ తోచక, పేరు చెప్పకుండా ఎవరైనా ఏదైనా రాసే 4చాన్ సైటు చూడడం మొదలుపెట్టానని వాడే రాసుకున్నాడు. గేములాడే పిల్లలు కబుర్లు చెప్పుకునే డిస్కార్డ్ యాప్‌లో నెలల తరబడి ప్రైవేటు సర్వర్ (అక్కడ గ్రూపుని అలా అంటారు) పెట్టుకుని, ప్లానంతా డైరీలా రాశాడు. ఎవరికీ కనిపించలేదు. దాడికి అరగంట ముందు మాత్రం కొందరిని లోపలికి పిలిచాడు. గేమ్ వీడియోలు లైవ్‌గా చూపించే ట్విచ్‌లో దాడిని లైవ్ పెడితే, ట్విచ్ వాళ్ళు రెండు నిమిషాల్లోపే ఆపేశారు, అయినా కాపీలు తిరుగుతూనే ఉన్నాయి. వాడు ఆదర్శంగా పెట్టుకున్నది 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాణ్ణి. ఆ చనిపోయినవాళ్ళలో మన హైదరాబాద్ వాళ్ళూ ఉన్నారు. న్యూజిలాండ్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ విచారించి తేల్చిందేమిటంటే, ఆ క్రైస్ట్‌చర్చ్ హంతకుడి మీద బాగా ప్రభావం చూపినవాటిలో యూట్యూబ్ ఒకటి. అంటే మన హాల్లో టీవీలో రోజూ నడిచేదే.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆమధ్య అన్నం తింటూ ఫోన్ చూసి కిసుక్కున నవ్వాడు. ఏంట్రా అంటే చూపించాడు: వలస వచ్చినవాళ్ళని ఎలుకలుగా గీసిన మీమ్, గేమింగ్ సర్వర్‌లో ఎవరో పెట్టింది. "జోకే అమ్మా, అందరూ నవ్వుతారు" అన్నాడు. ఆ ఎలుకల్లో వాళ్ళ నాన్నా నేనూ ఉన్నామని వాడికి తట్టలేదు. బడిలో ఇండియన్, ఇండియాకెళ్తే అమెరికావాడు. ఏదో ఒక గుంపులో కలవాలని ఆ నవ్వు. పిల్లల్ని తమవైపు లాగాలనుకునేవాళ్ళు ఇలాంటి గుంపుల్లో ఎవరు నవ్వారో చూసుకుని, ఆ తర్వాతే విడిగా మెసేజ్ పెడతారు. అందుకే ఫోన్ లాక్కోలేదు. ఆ సర్వర్‌లో ఎవరెవరున్నారో, ఎవరైనా వేరే గ్రూపుకి పిలుస్తున్నారో పక్కన కూర్చుని చూపించమన్నాను.

చూపించి, వాడో ప్రశ్న వేశాడు. "మన ఫ్యామిలీ వాట్సాప్‌లో తాతయ్య వేరే మతంవాళ్ళని పురుగులన్నారుగా, అది జోకా?"

ఆ రాత్రే గ్రూపులో రాశాను: "బాబాయ్, దయచేసి అది తీసేయండి. పిల్లలు చదువుతున్నారు." ఆయన తీయలేదు, నాతో మాట్లాడడం మానేశారు. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని.